కోత ఎవరిది? యాంత్రిక షాట్ విభజన, ‘మాయాబజార్’, పాఠపరిష్కరణ దృష్టి

వ్యాస సంగ్రహం

డిజిటల్ వీడియోలో ఒక షాట్ ముగిసి మరొక షాట్ మొదలయ్యే చోటును కంప్యూటర్ తనంతట తాను గుర్తించే పద్ధతులు మూడు దశాబ్దాలుగా అభివృద్ధి చెందుతున్నాయి. చలనచిత్ర శైలీ పరిశోధనలోనూ, ప్రదర్శన కళల వీడియోలను విభజించి సూచికలు తయారు చేయడంలోనూ వీటికి ఉపయోగం ఉంది. ఈ పద్ధతులు దేనిని కొలుస్తాయి, తెలుగు దృశ్య సామగ్రి ముందు ఎక్కడ తడబడతాయి అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘మాయాబజార్’ (1957) చిత్రాన్నీ, నెల్లూరు తీరంలోని చిట్టమూరు వంటి ప్రాంతాల ఉత్సవ, తోలుబొమ్మలాట వీడియోలనూ ఉదాహరణలుగా తీసుకుంటుంది. యంత్రం బొమ్మ మారిన చోటును చూపగలదు గాని ఆ మార్పు ఎడిటర్ చేసినదో, సెన్సారు కత్తెర వల్ల వచ్చినదో, ప్రింటు తెగడం వల్ల ఏర్పడినదో చెప్పలేదు. కనుక యంత్రం ఇచ్చే పట్టికను నిర్ణీత పాఠంగా కాక, పరిష్కరించవలసిన వ్రాతప్రతిగా స్వీకరించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: షాట్ సంధి, కట్, డిజాల్వ్, హిస్టోగ్రామ్, మాయాబజార్, పాఠపరిష్కరణ, తోలుబొమ్మలాట, చిట్టమూరు.

1. ప్రవేశిక

ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరిన చిట్టమూరు మండలం పులికాట్ సరస్సును ఆనుకొని ఉంది. ఆ మండలంలోని మల్లాం గ్రామం సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయానికీ ప్రాచీన శాసనాలకూ పేరుపొందింది. నెల్లూరు జిల్లా శాసనాలను అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించారు. అటువంటి శాసనాలను చదివే పండితునికి ఒక పంక్తి అర్ధాంతరంగా ఆగినట్లు కనిపిస్తే మొదట కలిగే సందేహం ఒకటే: ఇక్కడ వాక్యం ముగిసిందా, రాయి విరిగిందా? రెండు సందర్భాల్లోనూ కంటికి కనిపించేది అక్షరాలు లేని చోటే. అయినా వాక్యం ముగిస్తే అది శాసనకర్త నిర్ణయం. రాయి విరిగితే అది కాలం చేసిన పని. ఈ తేడాను గుర్తించి, విరిగిన చోట చుక్కలో కుండలీకరణాలో ఉంచి పాఠకుని హెచ్చరించడం శాసన పరిష్కర్తల మర్యాద.

ఇదే సందేహం ఇప్పుడు కదిలే బొమ్మల విషయంలో ఎదురవుతున్నది. పాత తెలుగు చిత్రాల డిజిటల్ ప్రతులు, ఆలయోత్సవాల వీడియోలు, జానపద ప్రదర్శనల రికార్డింగులు పరిశోధకుల చేతికి విరివిగా అందుతున్నాయి. గంటల తరబడి నడిచే ఈ సామగ్రిని చేతితో విభజించడం కష్టం. అందువల్ల షాట్ల సరిహద్దులను కంప్యూటర్ చేత గుర్తింపజేసి, వచ్చిన పట్టిక ఆధారంగా చిత్ర శైలిని, కథన వేగాన్ని చర్చించే అవకాశం ఏర్పడింది. ఆ పట్టికలోని ప్రతి వరుసా ‘ఇక్కడ కోత ఉంది’ అని చెబుతుంది. ఆ కోత ఎవరిదన్న ప్రశ్నకు అందులో గడి ఉండదు. ఈ వ్యాసంలోని చర్చ అంతా ఆ లోపం చుట్టూ సాగుతుంది.

రెండు షాట్లు కలిసే చోటును ఇక్కడ ‘షాట్ సంధి’ అని వ్యవహరించడం జరిగింది. పూర్వ పదాంతం, పర పదాది కలిసే చోట ఏర్పడే మార్పును వ్యాకరణం సంధి అంటుంది. పూర్వ షాట్ చివరి ఫ్రేము, పర షాట్ మొదటి ఫ్రేము కలిసే చోటుకూ ఆ పేరు ఒప్పుతుంది. కలయిక ఆకస్మికమైతే కట్. ఒక బొమ్మ కరుగుతుండగా మరొకటి దానిపై తేలివస్తే డిజాల్వ్. బొమ్మ చీకటిలో కలిసిపోయినా చీకటి నుంచి తేలివచ్చినా ఫేడ్. ఒక బొమ్మను మరొకటి పక్కకు తుడిచేస్తే వైప్.

2. యంత్రం చూసే తీరు

సినిమా తెరపై సెకనుకు 24 నిశ్చల చిత్రాలు మారుతాయి. ఒకే షాట్‌లోని పక్కపక్క ఫ్రేములు దాదాపు ఒకేలా ఉంటాయి. కట్ వచ్చిన చోట మాత్రం అవి హఠాత్తుగా భిన్నమవుతాయి. స్వయంచాలక గుర్తింపు పద్ధతులన్నిటికీ ఈ గమనికే పునాది. అన్నిటికంటె సరళమైన పద్ధతి రెండు ఫ్రేములను బిందువు బిందువుగా పోల్చి, తేడాల మొత్తం ఒక హద్దును దాటితే కోతగా లెక్కించడం. దీని బలహీనత వెంటనే తెలుస్తుంది: కెమెరా కొద్దిగా ఊగినా ప్రతి బిందువూ మారిపోతుంది.

ఈ ఇబ్బందిని తప్పించుకోవడానికి హిస్టోగ్రామ్ పద్ధతి వచ్చింది. ఇందులో ఏ వెలుగు లేదా ఏ రంగు ఎంత మేర ఉన్నదో లెక్కిస్తారు; అది ఫ్రేములో ఎక్కడ ఉన్నదో పట్టించుకోరు. పాత్ర ఎడమ నుంచి కుడికి నడిచినా వెలుగునీడల మొత్తం పెద్దగా మారదు కనుక యంత్రం మోసపోదు. అయితే ఈ సుగుణమే దోషంగానూ మారుతుంది. వేర్వేరు వస్తువులున్న రెండు షాట్లలో వెలుగునీడల పాళ్ళు సమానమైతే వాటి మధ్య కోతను ఈ పద్ధతి చూడలేదు.

డిజాల్వ్‌ను పట్టుకోవడం ఇంకా కష్టం. మార్పు కొన్ని పదుల ఫ్రేముల మీద పరచుకుంటుంది కాబట్టి ఏ రెండు పక్క ఫ్రేముల మధ్యా పెద్ద తేడా కనిపించదు. సింగపూర్‌లో పనిచేసిన హాంగ్‌జియాంగ్ జాంగ్, అత్రేయి కంకన్‌హళ్ళి, స్టీఫెన్ స్మోలియర్ 1993లో ప్రకటించిన వ్యాసంలో దీనికి జంట హద్దుల ఉపాయం సూచించారు. తేడా పెద్ద హద్దును దాటితే కట్. చిన్న హద్దును మాత్రమే దాటితే దానిని సంధికి ఆరంభంగా అనుమానించి, అక్కడి నుంచి తేడాలను కూడుకుంటూ పోతారు. ఆ కూడిక పెద్ద హద్దును చేరితే క్రమ పరివర్తనగా నిర్ణయిస్తారు. 1995లో రామిన్ జబీ, జస్టిన్ మిల్లర్, కెవిన్ మాయ్ మరొక దారి చూపారు. వారు రంగులకు బదులు వస్తువుల అంచులను గమనించారు. పాత అంచులు మాయమై, వాటికి దూరంగా కొత్త అంచులు పుడితే అది సంధి.

అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. నిర్వహించిన ట్రెక్‌విడ్ మూల్యాంకనాలలో 2001 నుంచి 2007 వరకు షాట్ సరిహద్దుల గుర్తింపు ఒక అంశంగా కొనసాగింది. అక్కడ పరీక్షకు పెట్టిన సామగ్రిలో వార్తా ప్రసారాలు, డాక్యుమెంటరీలే ప్రధానం. ఆ తర్వాత నాడీజాల నమూనాలు వచ్చాయి. ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయానికి చెందిన తోమాష్ సౌచెక్, యాకుబ్ లోకోచ్ 2020లో ప్రకటించిన ట్రాన్స్‌నెట్ వి2 వీటిలో బాగా ప్రచారంలో ఉంది. ఇది ఫ్రేమును 48 బిందువుల వెడల్పు, 27 బిందువుల ఎత్తుకు కుదించి, ఒక్కసారికి 100 ఫ్రేముల వరుసను చూసి తీర్పు చెబుతుంది. దీని శిక్షణలో కంప్యూటర్‌లో కృత్రిమంగా తయారుచేసిన కట్‌లను, డిజాల్వ్‌లను కూడా విస్తారంగా వాడారు.

ఈ చివరి రెండు విషయాలు విమర్శకులు గమనించవలసినవి. మొదటిది, అంత చిన్న బొమ్మలో నటుని కనుచూపు మారడం, వేలి కదలిక వంటివి ఉండవు. వెలుగు మచ్చల అమరిక మాత్రమే మిగులుతుంది. రెండవది, శిక్షణలోని కృత్రిమ డిజాల్వ్ ఒక గణిత మిశ్రమం: మొదటి బొమ్మ పాలు తగ్గినంత మేర రెండవ బొమ్మ పాలు పెరుగుతుంది. ఫిల్మ్ యుగపు డిజాల్వ్ కెమెరాలోనో, ప్రయోగశాలలోని ఆప్టికల్ ప్రింటర్ మీదనో రసాయనిక ప్రక్రియతో తయారయ్యేది. ఫిల్ము వెలుగుకు స్పందించే తీరు సరళరేఖలో ఉండదు. యంత్రం నేర్చుకున్న సంధి సూత్రానికీ పాత చిత్రంలోని సంధి కార్యానికీ మధ్య ఆ మేరకు దూరం ఉంటుంది.

3. ‘మాయాబజార్’ పెట్టే పరీక్ష

విజయా సంస్థ నిర్మించగా కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లే, కూర్పు సి.పి. జంబులింగం, జి. కళ్యాణసుందరం. నిడివి సుమారు 184 నిమిషాలు. సెకనుకు 24 చొప్పున లెక్కిస్తే దాదాపు 2,65,000 ఫ్రేములు. యాంత్రిక విభజనను పరీక్షించడానికి తెలుగులో ఇంతకంటె తగిన చిత్రం అరుదు. ఇతివృత్తమే మాయ కావడంతో, కోతను ఒకచోట దాచడం, మరొకచోట ప్రకటించడం ఇందులో కథన ధర్మంగా మారింది. మూడు సందర్భాలు చూడవచ్చు.

మొదటిది ఘటోత్కచుని భోజన ఘట్టం. లడ్లు వాటంతట అవి కదిలి ఘటోత్కచుని నోటిలోకి చేరతాయి. ఇలాంటి మాయకు సినిమా తొలినాళ్ళ నుంచి ఉన్న మూల సూత్రం కెమెరాను ఆపి, వస్తువును మార్చి, మళ్ళీ తిప్పడం. అక్కడ భౌతికంగా ఒక కోత ఉన్నా ప్రేక్షకునికి అది కోతగా తెలియకూడదు. తెలిస్తే మాయ చెడుతుంది. హద్దును ఎక్కువలో పెడితే యంత్రం దీనిని వదిలేస్తుంది, తక్కువలో పెడితే కోతగా నమోదు చేస్తుంది. ఈ రెండు సమాధానాలలో ఏది సరైనది? నిర్మాణ దృష్టితో చూస్తే కోత ఉంది. కథన దృష్టితో చూస్తే లేదు. యంత్రం తప్పిందా ఒప్పిందా అని తేల్చే ముందే ‘షాట్ అంటే ఏమిటి’ అన్న సైద్ధాంతిక ప్రశ్నకు పరిశోధకుడు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారే చోటికీ ఇదే వర్తిస్తుంది. అక్కడ ఎస్.వి. రంగారావు రూపం పోయి సావిత్రి రూపం వస్తుంది. నటులు మారారు, పాత్ర మారలేదు. వ్యాకరణ భాషలో చెప్పాలంటే ఇది ఆదేశం: ఒకదాని స్థానంలో మరొకటి వచ్చినా స్థానం అదే.

రెండవది ప్రియదర్శిని. చూసేవారికి ప్రియమైనదానిని చూపే ఆ పేటికలో శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. ఇక్కడ తెర లోపల మరొక తెర ఉంది. లోపలి బొమ్మ మారుతుంది. దాని చుట్టూ ఉన్న పేటిక మారదు. ఫ్రేమంతటినీ ఒకే రాశిగా లెక్కించే హిస్టోగ్రామ్‌కు లోపలి మార్పు చిన్న తేడాగా తోచి హద్దుకు లోబడి పోవచ్చు. అదే షాట్ పేటికకు దగ్గరగా వెళ్ళి లోపలి బొమ్మ తెర నిండా పరచుకుంటే ఆ మార్పే పూర్తి సంధిగా నమోదవుతుంది. ఒకే కథా విషయానికి రెండు భిన్నమైన లెక్కలు వస్తాయి. దూరాన ఉన్న ప్రియుని సన్నిధిని కల్పించడమే ఆ ఘట్టపు సారం. ఆ సన్నిధి కోతలో ఉన్నదా, కోత లేకపోవడంలో ఉన్నదా అని ఆలోచించడం విమర్శకుని పని.

మూడవది వెన్నెలలో పడవ విహార గీతం. అభిమన్యుడు శశిరేఖలతో మొదలైన ఆ విహారంలో కృష్ణుడు రుక్మిణి, బలరాముడు రేవతి కూడా కనిపిస్తారు. ఛాయాగ్రహణపరంగా ఈ గీతం మొత్తానికి ఒకే వెలుగు స్వభావం ఉంది: నల్లని నీరు, దానిపై తళుకు, మెత్తని వెన్నెల. బార్ట్‌లే సాధించిన ఈ ఏకత్వం వల్ల షాట్ మారినా వెలుగునీడల పాళ్ళు పెద్దగా మారవు. రంగుల ఆధారం లేని నలుపు తెలుపు చిత్రంలో హిస్టోగ్రామ్ పద్ధతి ఇక్కడ కోతలను జారవిడిచే అవకాశం ఎక్కువ. మరోవైపు నీటి తళుకు ఫ్రేము ఫ్రేముకూ మారుతుంది కనుక అంచుల పద్ధతికి లేని సంధులు తోచవచ్చు. ఛాయాగ్రాహకుని శైలీ విజయమే యంత్రానికి అవరోధం కావడం గమనార్హం. యంత్రం తప్పిన చోట్లను ఒక పట్టికగా వేసి చూస్తే, శైలి ఎక్కడ ఎక్కువ సాంద్రంగా ఉన్నదో అదే చూపుతుంది. అందువల్ల తప్పులను తొలగించవలసిన చెత్తగా కాక, చదవవలసిన సాక్ష్యంగా స్వీకరించవచ్చు.

4. ప్రతి, పాఠం, కోత

పై చర్చలో ఒకే ‘మాయాబజార్’ ఉన్నదన్న భావన అంతర్లీనంగా ఉంది. వాస్తవానికి పరిశోధకుని ముందున్నది ఏదో ఒక ప్రతి మాత్రమే. ఈ చిత్రం తెలుగుతో పాటు తమిళంలోనూ తయారై 1957 ఏప్రిల్ 12న విడుదలైంది. తెలుగులో అక్కినేని నాగేశ్వరరావు ధరించిన అభిమన్యుని పాత్రను తమిళంలో జెమినీ గణేశన్ పోషించారు. 2010 జనవరి 30న హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్దిన తెలుగు ప్రతిని విడుదల చేసింది. ఇవి కాక టెలివిజన్ ప్రసారాల ప్రతులు, డిస్కులుగా వచ్చిన ప్రతులు, అంతర్జాలంలో తిరిగే ప్రతులు ఉన్నాయి.

రంగులద్దే ప్రక్రియ ఇక్కడ ప్రత్యేకంగా ఆలోచించదగినది. ఒక పాత్ర చీరకు నిర్ణయించిన రంగు ఆ షాట్ పొడవునా నిలవాలి. తరువాతి షాట్‌లో మళ్ళీ సరిపోవాలి. అంటే షాట్ల సరిహద్దులు తెలియకుండా ఆ పని సాగదు. ఆ విధంగా రంగుల ప్రతి ఒక షాట్ విభజనను తనలో ఇముడ్చుకున్న వ్యాఖ్యానం వంటిది. దానిపై రంగుల హిస్టోగ్రామ్‌తో కోతలు వెతికితే 1957 నాటి కూర్పుతో పాటు 2010 నాటి రంగుల నిర్ణయాలూ లెక్కలోకి వస్తాయి. వెన్నెల గీతంలో మూలప్రతిలో జారిపోయిన కోత, చీరల రంగుల తేడా వల్ల రంగుల ప్రతిలో దొరకవచ్చు. దొరకడం మంచిదే. అయితే అది ఏ సాక్ష్యం వల్ల దొరికిందో చెప్పకపోతే వ్యాఖ్యాత మాటను మూల రచయితకు ఆపాదించినట్లవుతుంది.

ఫిల్ము ప్రింట్ల చరిత్ర ఇంకా చిక్కైనది. ప్రదర్శనలో తెగిన ప్రింటును ఆపరేటరు అతికించినప్పుడు తెగిన చోట కొన్ని ఫ్రేములు పోతాయి. తెరపై అక్కడ బొమ్మ చటుక్కున ఎగిరినట్లవుతుంది. వెయ్యి అడుగుల రీలు దాదాపు 11 నిమిషాలు నడుస్తుంది. రీలు మొదళ్ళు, చివరలు ఎక్కువగా అరుగుతాయి కాబట్టి ప్రతి 11 నిమిషాలకొకసారి ప్రతి బలహీనపడే చోటు వస్తుంది. విడుదల తర్వాత నిడివి తగ్గించడానికి చేసిన కత్తిరింపులు, సెన్సారు కోతలు, టెలివిజన్ కాలవ్యవధికి చేసిన కుదింపులు కూడా ఉంటాయి. యంత్రం దృష్టిలో ఇవన్నీ ఒకటే: ముందు ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ తేడా. జంబులింగం, కళ్యాణసుందరం ఆలోచించి పెట్టిన కట్, ఏదో ఒక ఊరి సినిమా హాలులో జిగురుతో అతికిన అతుకు ఒకే పట్టికలో ఒకే గౌరవంతో పక్కపక్కన కూర్చుంటాయి.

తెలుగు సాహిత్య పరిశోధనకు ఈ సమస్య కొత్తది కాదు. వేమన పద్యాలను 1829లో ప్రకటించిన సి.పి. బ్రౌన్, అనేక కావ్యాల ప్రతులను సేకరించి పండితుల చేత సరిచూపించాడు. లేఖక ప్రమాదం, ప్రక్షిప్తం, లుప్తభాగం, పాఠభేదం అన్న పరిభాష తెలుగు శాఖల విద్యార్థులకు సుపరిచితం. ఈ పరిభాషను దృశ్యానికి అన్వయించడం సాధ్యమే. అతుకు వద్ద పోయిన ఫ్రేములు లుప్తభాగం. పునర్విడుదలలో చేర్చిన శీర్షికలు ప్రక్షిప్తం. రెండు ప్రతులలో భిన్నంగా కనిపించే సంధి పాఠభేదం. రెండు మూడు ప్రతులపై విడివిడిగా యంత్రాన్ని నడిపి ఫలితాలను సరిపోల్చితే, అన్నిటిలోనూ ఉన్న సంధి మూలానికి చెందినదన్న నమ్మకం బలపడుతుంది. ఒక్క ప్రతిలోనే ఉన్న సంధి ఆ ప్రతి చరిత్రకు సంబంధించినదన్న అనుమానం కలుగుతుంది. అయితే ప్రతులన్నీ ఒకే దెబ్బతిన్న నెగిటివ్ నుంచి పుట్టినవైతే ఏకాభిప్రాయం కూడా మోసగించవచ్చు. తాళపత్రాల విషయంలో పరిష్కర్తలు పాటించే వంశవృక్ష జాగ్రత్త ఇక్కడా అవసరమే.

5. తీరప్రాంత ప్రదర్శనల వీడియోలు

సినిమాలో కోత పెట్టిన ఎడిటర్ అంటూ ఒకరున్నారు. గ్రామీణ ప్రదర్శనల వీడియోలలో తరచు ఆయన కూడా ఉండడు. మల్లాం వంటి క్షేత్రంలో రాత్రి ఊరేగింపును ఒకే కెమెరాతో, ఆపకుండా తీసిన వీడియోను ఊహించుకోవచ్చు. బాణసంచా వెలిగినప్పుడు తెర అంతా తెల్లబడుతుంది. ఫోటోగ్రాఫరు ఫ్లాష్ మెరిస్తే ఒకటి రెండు ఫ్రేములు పాలిపోతాయి. జనంలో ఎవరో కెమెరాకు అడ్డంగా నడిస్తే తెర నల్లబడి మళ్ళీ తేరుకుంటుంది. విద్యుత్తు పోయి జనరేటర్ అందుకునే లోపు చీకటి. యంత్రానికి ఇందులో కట్, ఫేడ్, వైప్ అన్నీ కనిపిస్తాయి. నిజానికి ఒక్క కోతా లేదు. ఫ్లాష్ సమస్యకు పరిశోధకులు విరుగుడు కనుగొన్నారు: మెరుపుకు ముందున్న ఫ్రేమునూ తర్వాతి ఫ్రేమునూ పోల్చి, అవి ఒకటే అయితే కోతను రద్దు చేస్తారు. బాణసంచా పొగ అలముకొని వెలుగు మెల్లగా మారినప్పుడు ఆ విరుగుడు చాలదు.

దీనికి విలోమంగా, నిజమైన సంధులు ఉన్నా యంత్రానికి ఏమీ కనిపించని సందర్భం తోలుబొమ్మలాట. ఈ ఆటలో తెర ఒకటే, దీపం ఒకటే. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే రూపం స్పష్టంగా ఉంటుంది. వెనక్కి లాగితే అంచులు మసకబారి కరిగిపోతుంది. సినిమా డిజాల్వ్ చేసే పనిని ఆటగాడు చేతితో చేస్తాడు. కథ రామాయణ ఘట్టంలో సాగుతుండగా జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి వస్తారు. అంతవరకు ఉన్న కాలం, స్థలం, భాషాస్థాయి, రసం అన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. ప్రేక్షకుడు ఈ సంధిని క్షణంలో గుర్తిస్తాడు. కెమెరా మాత్రం కదలలేదు, ఆగలేదు. యంత్రం దృష్టిలో మూడు గంటల ఆట అంతా ఒకే షాట్. పద్యం నుంచి వచనానికి, వచనం నుంచి హాస్యానికి జరిగే మార్పులు శబ్దంలో ఉన్నాయి, గొంతులో ఉన్నాయి, హాస్యగాళ్ళ రాకలో ఉన్నాయి. వెలుగు లెక్కలో లేవు.

నాట్యశాస్త్ర సంప్రదాయం రూపకానికి ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణ సంధులను చెప్పింది. అవి కథార్థం మలుపు తిరిగే చోట్లు. వ్యాకరణం చెప్పిన సంధి ధ్వనులు కలిసే చోటు. ఒకే మాటకు ఉన్న ఈ రెండు అర్థాల మధ్య దూరమే యాంత్రిక విభజనకూ విమర్శకూ మధ్య దూరం. షాట్ విభజన వ్యాకరణ సంధి స్థాయిలో నడుస్తుంది. ప్రదర్శన కళల సూచికకు కావలసింది నాట్య సంధి స్థాయి.

ఈ తేడా దృశ్య నిధుల నిర్వహణలో ఆచరణాత్మకమైన ఫలితాలను ఇస్తుంది. వీడియో నిధిలో సామగ్రిని యంత్రం చెప్పిన సరిహద్దుల వద్ద ముక్కలు చేసి, ప్రతి ముక్క నుంచి ఒక బొమ్మను తీసి సూచికలో పెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. దానిని యథాతథంగా అన్వయిస్తే బాణసంచా రాత్రి వందల ముక్కలవుతుంది. తోలుబొమ్మలాట ఒకే ముక్కగా, ఒకే బొమ్మతో సూచికకెక్కుతుంది. రేపు ఆ నిధిలో వెతికే పరిశోధకునికి బంగారక్క దొరకదు. ఆడేవారు తగ్గిపోతున్న కళ విషయంలో సూచికలో దొరకకపోవడం లేకపోవడంతో సమానమయ్యే ప్రమాదం ఉంది.

6. అంకెల విశ్వసనీయత

చలనచిత్ర శైలిని అంకెలతో వివరించే సంప్రదాయానికి బ్యారీ సాల్ట్ 1974లో ప్రకటించిన వ్యాసం ఆద్యమైన వాటిలో ఒకటి. చిత్ర నిడివిని షాట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు షాట్ నిడివి ఇందులో ముఖ్యమైన కొలమానం. యూరీ త్సివియన్ 2005లో ప్రారంభించిన సినీమెట్రిక్స్ ఈ కొలతలను చాలామంది కలిసి పోగుచేసే వీలు కల్పించింది. అక్కడ మొదటి నుంచీ ఉన్న పద్ధతి మనిషి చిత్రం చూస్తూ ప్రతి కోత వద్ద మీట నొక్కడం. చూసే మనిషి అతుకును, కట్‌ను చాలావరకు వేరుచేసుకోగలడు. ఆ పనిని యంత్రానికి అప్పగించినప్పుడు లోపం ఎంత మేర పాకుతుందో ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు.

184 నిమిషాల చిత్రంలో 1,000 షాట్లు ఉన్నాయనుకుంటే సగటు 11 సెకన్ల పైచిలుకు. యంత్రం పాటలలోని డిజాల్వ్‌లను, వెన్నెల దృశ్యాల కోతలను వదిలేసి 900 మాత్రమే లెక్కిస్తే సగటు 12.3 సెకన్లకు చేరుతుంది. అరిగిన ప్రింటులోని అతుకులను కూడా కలిపి 1,100 లెక్కిస్తే 10 సెకన్లకు పడిపోతుంది. పై రెండు లెక్కల మధ్య తేడా రెండు సెకన్లకు పైనే. ‘ఫలానా దర్శకుని కథనం ఫలానా దర్శకుని కంటె నెమ్మది’ అన్న తీర్పుకు కొన్నిసార్లు అంతకంటె చిన్న తేడాయే ఆధారమవుతుంది. పైగా ఈ లోపాలు చిత్రమంతటా సమంగా పరచుకోవు. వదిలేసినవి పాటలలో పోగుపడతాయి, అదనంగా చేరినవి రీళ్ళ అంచులలో పోగుపడతాయి. పాట కేంద్రస్థానంలో ఉన్న తెలుగు చిత్రానికి ఇది చిన్న లోపం కాదు.

గుర్తింపు పద్ధతుల నాణ్యతను రెండు కొలతలతో చెబుతారు. యంత్రం చూపిన వాటిలో నిజమైనవి ఎంత శాతం అన్నది ఒకటి. నిజంగా ఉన్న వాటిలో యంత్రం చూపినవి ఎంత శాతం అన్నది రెండవది. 100 కోతలున్న భాగంలో యంత్రం 95 చూపి, వాటిలో 90 నిజమైనవైతే మొదటి కొలత దాదాపు 94.7 శాతం, రెండవది 90 శాతం. ఈ రెండు కొలతలూ ‘నిజమైన కోతల పట్టిక’ ముందే ఉన్నదన్న భావన మీద ఆధారపడతాయి. విశ్రుతమైన పరీక్షా సంచయాలు బి.బి.సి. ‘ప్లానెట్ ఎర్త్’, ఇటలీ ప్రసార సంస్థ రాయ్ కార్యక్రమాలు, అంతర్జాల లఘు వీడియోల వంటి వాటితో తయారైనవి. వాటిపై వచ్చిన శాతాలను విజయా వారి నలుపు తెలుపు చిత్రాలకు అన్వయించడానికి ఆధారం లేదు. తెలుగు చిత్రాలకు చేతితో తయారుచేసిన, ప్రతిభేదాలను సూచించిన ప్రామాణిక పట్టిక ముందు కావాలి.

7. పరిశోధనకు సూచనలు

పై పరిశీలన ఆధారంగా యాంత్రిక విభజనను వాడే పరిశోధకులు పాటించదగిన కొన్ని నియమాలను ప్రతిపాదించవచ్చు.

ఒకటి: ఏ ప్రతిని వాడినదీ స్పష్టంగా పేర్కొనాలి. నిడివి, సెకనుకు ఫ్రేముల సంఖ్య, నలుపు తెలుపో రంగులదో, ఎక్కడి నుంచి లభించిందో చెప్పాలి. వ్రాతప్రతి వివరణలో పత్రాల సంఖ్య, పంక్తుల సంఖ్య చెప్పడం వంటిదే ఇది.

రెండు: పద్ధతి పేరుతో పాటు పెట్టిన హద్దులను కూడా తెలియజేయాలి. హద్దు మారితే పట్టిక మారుతుంది. కనుక హద్దును ఎంచుకోవడం కూడా వ్యాఖ్యానమే.

మూడు: పట్టికలో సంధి స్థానం, సంధి రకంతో పాటు ‘కారణం’ అన్న గడి ఉండాలి. కూర్పు, అతుకు, సెన్సారు, ప్రసార కుదింపు, వెలుగు మార్పు, అనిశ్చితం అన్న విభాగాలతో దానిని మనిషి నింపాలి. ‘అనిశ్చితం’ అని రాయడానికి వెనుకాడకూడదు. సెన్సారు కోతల వివరాలు, పాటల పుస్తకాలు, తమిళ ప్రతి వంటి బాహ్య సాక్ష్యాలు ఈ గడిని నింపడానికి తోడ్పడతాయి.

నాలుగు: సగటును ప్రకటించేటప్పుడు పాటల భాగాలను, సంభాషణా భాగాలను విడివిడిగా లెక్కించాలి. కనీసం ఒక రీలును చేతితో సరిచూసి, యంత్రపు లోపం ఎటు మొగ్గుతున్నదో చెప్పాలి.

ఐదు: ప్రదర్శన కళల వీడియోలకు షాట్‌ను ప్రాథమిక ప్రమాణంగా తీసుకోరాదు. ప్రదర్శకులను, ఆ ఆట ఎరిగిన ప్రేక్షకులను అడిగి ఘట్ట విభజన చేసి, యంత్రపు పట్టికను దానికి అనుబంధంగా ఉంచాలి.

8. ముగింపు

షాట్ సంధులను స్వయంచాలకంగా గుర్తించే పద్ధతులు పనికిరానివని ఈ చర్చ సారాంశం కాదు. రెండున్నర లక్షలకు పైగా ఫ్రేములను అలసట లేకుండా పోల్చి, అనుమానించవలసిన చోట్లను ముందుంచడం మనిషికి సాధ్యం కాని సేవ. మూడు ప్రతులను పక్కపక్కన పెట్టి సరిపోల్చే పని యంత్రం లేనిదే ఏ పరిశోధకుడూ తలపెట్టలేడు. ఆ పట్టికను తుదితీర్పుగా స్వీకరించినప్పుడే చిక్కు వస్తుంది. ‘మాయాబజార్’లో దాచిన కోతను లెక్కించాలా వద్దా, అతుకును ఎడిటర్‌కు ఆపాదించవచ్చా, బంగారక్క రాకను సంధి అనవచ్చా అన్నవి వెలుగు లెక్కతో తేలే విషయాలు కావు.

తెలుగు శాఖలలో చలనచిత్రాన్ని, జానపద ప్రదర్శనను పరిశోధనాంశంగా స్వీకరించేవారికి గణిత పరిజ్ఞానం కొరతగా తోచవచ్చు. వారి చేతిలో ఇప్పటికే ఉన్న పాఠపరిష్కరణ శిక్షణ ఈ రంగానికి అంతకంటె ఎక్కువగా కావలసినది. మల్లాం శిలల ముందు నిలబడిన పండితుడు ఆగిన పంక్తిని చూసి రాయిని తడిమి చూసినట్లే, యంత్రం చూపిన ప్రతి కోత ముందూ పరిశోధకుడు ఒకసారి ఆగి ఆ ప్రతిని పరీక్షించాలి. వాక్యం ముగిసిందో, రాయి విరిగిందో తేలిన తర్వాతే వ్యాఖ్యానం మొదలు కావాలి.